మల్లొస్త సారు

ఈరన్న సారుకు తాగుడు లేదు, చుట్ట లేదు, చీట్లపేక లేదు. ఉన్నదల్లా ఒక్కటే రోగం. ఎక్కడి నుంచి లేచినా "మల్లొస్త" అని చెప్పకుండా లేవడు. మనుషులకు చెబితే మర్యాద అనుకోవచ్చు. ఆయన కూర్చున్న కుర్చీకి చెబుతాడు. తాగిన చాయ్ గ్లాసుకు చెబుతాడు. బస్సు దిగితే బస్సుకు చెబుతాడు. బస్సు కదిలిపోతే అది ఆగిన జాగకు చెబుతాడు. ఒకసారి గద్వాలలో పన్ను పీకించుకుని, నోట్లో దూది ఉండగానే ఆ పన్నుకు కూడా ఏదో చెప్పాడట. "మల్లొస్త" అన్నాడో, "మల్ల రా" అన్నాడో, దూది అడ్డం వల్ల కాంపౌండరుకు తెలియలేదు.

ఆయన డ్రాయింగ్ మాస్టరు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వైపు బడుల్లో ముప్పై ఒక్క ఏండ్లు పిల్లల చేత ఎద్దులు, కుండలు, కొబ్బరిచెట్లు గీయించాడు. బదిలీ అయితే చాలు, బడికి, గంటకు, నల్లబల్లకు, కిరాయింటి గడపకు, ఎదురింటి బర్రెకు చెప్పుకుంటూ ఊరు దాటేసరికి కొత్త ఊళ్లో చేరవలసిన తారీఖు దాటిపోయేదని చెప్పుకునేవారు. సన్నగా పొడుగ్గా, చంకలో గుడ్డసంచీతో, నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగే మనిషి. తిన్నగా ముందుకు చూస్తూ నడిచిన ఈరన్న సారును జిల్లాలో ఎవరూ చూడలేదు.

పింఛను పుచ్చుకున్నాక ఊరికే ఉండలేక యాత్ర ఒకటి మొదలుపెట్టాడు. ఏటా చలి తగ్గే రోజుల్లో ఒక వ్యాను మాట్లాడి, పదిమందిని పోగు చేసి తిప్పేవాడు. "రాజుల కోటల నుంచి రాతి బొమ్మల దాక, నాలుగు రోజులు" అని కరపత్రం వేయించాడు. గద్వాల కోట, వనపర్తి రాజుల మేడ, నల్లమలలో నైజాం నవాబు వేట బంగ్లా, పెంట అని పిలిచే చెంచుల గూడెం, చివరికి ఒక గుట్ట మీద మొదటి మనుషులు గీసిన బొమ్మలు. కరపత్రంలో నాలుగు రోజులు ఉన్నా, తెలిసినవాళ్లు ఐదు రోజుల బట్టలు సర్దుకునేవారు. ఆ ఐదో రోజు వీడ్కోళ్లకు.

ఇటిక్యాలలో స్వరూప అని ఒక ఇల్లాలు ఉండేది. నాలుగో తరగతి దాకా చదివి, పెండ్లయ్యాక పొలం, పొయ్యి, అత్త, ఇంతే లోకంగా బతికిన మనిషి. నోట్లో నాలుక ఉందా లేదా అని అత్త జములమ్మకే అనుమానం. స్వరూప పెనిమిటి కిష్టయ్య ఒక పొద్దున పత్తి విత్తనాల కోసం కర్నూలు బస్సెక్కుతూ "పోయొస్త" అని వాకిట్లో నుంచి కేకేసిపోయాడు. సాయంత్రానికి ఎవరిదో జీపులో పడుకోబెట్టి తెచ్చారు. గుండె ఆగిందన్నారు.

దినం నాడు ఈరన్న సారు వచ్చాడు. కిష్టయ్య ఒకప్పుడు ఇటిక్యాల బడిలో ఆయన దగ్గర చదువుకున్నవాడు. తినడం అయింది. వచ్చినవాళ్లందరూ చావింటి నుంచి ఎట్లా పోవాలో అట్లా పోయారు. అంటే తల వంచుకుని, ఎవరికీ చెప్పకుండా, చెప్పుల చప్పుడు కూడా కాకుండా. చావింట్లో "పోయొస్త" అంటే చావును మళ్లీ రమ్మన్నట్టే అని పుట్టినప్పటి నుంచీ వింటున్నవాళ్లు కదా. ఈరన్న సారు మాత్రం గడప దగ్గర ఆగి, వెనక్కి తిరిగి, ఫొటోకు ఒక దండం, ముసలామెకు ఒక దండం పెట్టి గట్టిగా అన్నాడు.

"మల్లొస్తనమ్మా."

ఎవరి చేతిలోదో చెంబు కిందపడింది. జములమ్మ నోరు కొట్టుకుంది.

ఆ తర్వాత పది నెలల పాటు ఆ ఇంట్లో ఏం జరిగినా ఆ మాట వల్లే జరిగింది. బర్రె పాలు తగ్గిస్తే ఈరన్న సారు. మోటరు కాలితే ఈరన్న సారు. కట్టెల్లో తేలు కనబడితే, అది తేలు కాదు, ఈరన్న సారు మాట. రాత్రి తలుపు గాలికి కొట్టుకుంటే ముసలామె లేచి కూర్చుని, "వచ్చిందేమో చూడు" అనేది. ఏది వచ్చిందో చెప్పేది కాదు. స్వరూప గడియ పెట్టి వచ్చి పడుకునేది, కానీ నిద్ర పట్టేది కాదు.

ఏడాది మాసికం ఇంక రెండు నెలలు ఉందనగా యాత్ర కరపత్రం వాళ్ల ఊరి చాయ్ కొట్టు గోడకెక్కింది. జములమ్మ ఆ రోజే తీర్పు చెప్పింది. "నలుగుర్ల అన్నడు, నలుగుర్లనే వాపస్ తీస్కోవాలె. ఏడాది ఎల్లకముందే. నువ్వు పో, స్వరూపా. ఆ మాట వాపస్ తీస్కునేదాక ఆయనను ఇడువకు."

అట్లా స్వరూప, పది నెలలుగా పొలం గట్టు దాటనిది, ఒక సంచీలో ఐదు రోజుల బట్టలు, పది జొన్నరొట్టెలు పెట్టుకుని, ఒక మాటను వాపసు తెచ్చుకోవడానికి యాత్రకు బయలుదేరింది.

*

వ్యాను తోలేవాడి పేరు రాజు. ఆరేండ్లుగా ఇదే యాత్రకు తోలుతున్నాడు కాబట్టి సారు చెప్పేవన్నీ ముందే పెదాలతో చెప్పేస్తాడు. పక్క సీట్లో హైదరాబాదు నుంచి వచ్చిన నాగేశ్ అనే ఇంజనీరు. చేతికి పెద్ద గడియారం. మొదటి వీడ్కోలులోనే విసుగొచ్చి, ఇక ఊరుకుని ఏం లాభమని, ఒక్కొక్కటి ఎంతసేపు పట్టిందో చూసి పైకి చదవడం మొదలుపెట్టాడు.

గద్వాల కోట ముందు దిగగానే స్వరూప తను వచ్చిన పని మరిచిపోయింది. అది మట్టి కోట. తాటిచెట్టంత గోడ, మట్టితోనే. దగ్గరికి పోయి చూస్తే మట్టిలో వడ్లపొట్టు ఇంకా మెరుస్తోంది. గోడ మెత్తడం స్వరూపకు తెలిసిన విద్యే. ఎర్రమట్టి, పొట్టు కలిపి, నీళ్లు పోసి, కాళ్లతో తొక్కి తొక్కి మెత్తిన వాళ్ల ఇంటి గోడ ప్రతి వానకాలానికీ ఒక చెంప జారుతుంది. ఇది ఎన్ని వందల వానలను చూసిందో. ఎంతమంది ఆడవాళ్ల కాళ్లు తొక్కితే ఇంత మట్టి అయిందో. రాజుల పేర్లు సారు చెబుతున్నాడు కానీ ఆమెకు వినబడింది ఆ కాళ్ల చప్పుడే. మెడ నొప్పి పుట్టేదాకా అట్లా తలెత్తి చూస్తూ నిలబడింది.

పని గుర్తొచ్చి, ఇదే అదననుకుని సారు దగ్గరికి పోయింది. సారు ఫిరంగితో మాట్లాడుతున్నాడు.

"మల్లొస్త. నీకు గుండ్లు లేవని బాధపడకు. ఉన్ననాడు గూడ నువ్వు చేసిన మంచి పని ఏం లేదు."

"ఫిరంగికి నాలుగు నిమిషాలు," నాగేశ్ చదివాడు. "కోటకు పదకొండు. గుడికి తొమ్మిది. ఆ మెట్ల బావికి... ఇంకా నడుస్తోంది."

ఎర్రవల్లి చౌరస్తాకు వచ్చేసరికి ఇంకో వింత. వనపర్తికి పోవాలంటే ఉత్తరం తిరగాలి. వ్యాను దక్షిణం తిరిగింది. నాగేశ్ కరపత్రం తీసి చూపించాడు. సారు అందులో ముఖం పెట్టి చూసి, అచ్చువాళ్లు మానవపాడు వేయడం మరిచిపోయారన్నాడు. రాజు నవ్వు ఆపుకుని, ఆరేండ్ల నుంచీ మరిచిపోతున్నారన్నాడు.

మానవపాడులో కోట లేదు, మేడ లేదు. ఆశీర్వాదం అనే ముసలాయన ఇల్లు ఒకటి ఉంది. సారు పోయి అరుగు మీద కూర్చుని మంచినీళ్లు అడిగి తాగాడు. ఆశీర్వాదం వ్యానులో వాళ్లందరికీ మజ్జిగ పోయించాడు. పావుగంట ఇద్దరూ పెద్దగా ఏం మాట్లాడుకోలేదు. మిరప ఈసారి ఎట్లుందని ఈయన, మోకాలు ఎట్లుందని ఆయన. తర్వాత సారు లేచి ఆశీర్వాదానికి, అరుగుకు, చెంబుకు, వేపచెట్టుకు చెప్పాడు. లోపలి గోడకు ఒకామె ఫొటో, దానికి కాగితం పూల దండ ఉన్నాయి. స్వరూప చూసింది కానీ ఏమీ అనుకోలేదు. ఇంటింటికీ ఉండేవే.

కృష్ణ దాటేటప్పుడు బీచుపల్లి వంతెన మీద సారు వ్యాను ఆపించాడు. నది పై నుంచి, కన్నడ సీమ మీదుగా వస్తుంది కాబట్టి దానికి కన్నడంలో చెప్పాలట. కమ్మి పట్టుకుని వంగి, "హోగి బర్తీని తాయీ" అన్నాడు, పోయొస్త తల్లీ అని.

"పోతున్నది నది సారూ, మనం కాదు," అన్నాడు రాజు.

"అయితే అది గూడ మనకు చెప్తుండొచ్చు. జర ఇను."

అందరూ నిజంగానే విన్నారు. నీళ్లు రాళ్ల మధ్య నుంచి పోతున్న చప్పుడు. నాగేశ్ గడియారం చూడడం మరిచిపోయాడు. తర్వాత గుర్తొచ్చి, సుమారు ఆరు నిమిషాలని లెక్క వేశాడు.

కొత్తకోటలో లారీల వరుస పక్కన, ఒక పంచరు కొట్టు. గాలి నిండుగా ఉన్న టైరుకు గాలి పెట్టమని సారు దిగాడు. కొట్టు యజమాని గోవిందు గొట్టం పెట్టి చూసి, "ఫుల్లున్నది సారూ," అన్నాడు. ఉండనీ, చూడమన్నాడు సారు. నాలుగు టైర్లకూ చూశాడు. అన్నీ ఫుల్లే. పనేమీ చేయని ఆ పనికి అరగంట పట్టింది. చాయ్ తాగారు. కంప్రెషర్ మీద, నూనె మరకల మధ్య, పద్దెనిమిదేండ్ల పిల్లగాడి ఫొటో. దండ. స్వరూప ఈసారి కొంచెం ఎక్కువసేపు చూసింది.

*

వనపర్తి మేడలో ఇప్పుడు కాలేజీ నడుస్తోంది. మెట్ల మీద పిల్లలు గీతలు గీసే పొడుగు కర్రలు పట్టుకుని పరుగెత్తుతున్నారు. సారు మాత్రం అది ఇంకా రాజుల ఇల్లే అన్నట్టు చెప్పులు పక్కన విడిచి, తువ్వాలు భుజం మీద సర్దుకుని లోపలికి నడిపించాడు. ఏనుగు పోయేంత కమానులు. ఇంగ్లీషు దొరల పద్ధతి కిటికీలు, మన మేస్త్రీల చేతి పువ్వులు, రెండూ ఒకే గోడ మీద. ఈ మేడ కట్టినవాళ్లు దొరలను చూసి నేర్చుకున్నారు, కానీ దొరకు రాని ముగ్గు ఒకటి మూలన వేసి పెట్టారని సారు ఒక రాతి పువ్వును చూపించాడు. నిజంగానే ముగ్గు. చుక్కలతో సహా.

ఒక చోట రంగుటద్దంలో నుంచి ఎండ దిగి, ఎర్రటి ముక్కలా నేల మీద పడి ఉంది. నిలబడి చూస్తుండగానే అది పాకి స్వరూప పాదం మీదికి వచ్చింది. పారాణి పెట్టినట్టు. ఆమె చప్పున కాలు వెనక్కి తీసుకుంది. ఎవరైనా చూశారేమో అని చుట్టూ చూసింది. ఎవరూ చూడలేదు. కాసేపాగి, మెల్లగా, పాదం మళ్లీ ముందుకు పెట్టింది.

ఆ రోజు కూడా అడగలేదు. మెట్లకు వీడ్కోలు ఇరవై రెండు నిమిషాలు పట్టింది. ఎన్ని మెట్లుంటే అన్నిసార్లు.

*

మూడో రోజు మన్ననూరు దాటి అడవిలోకి పోయారు. నైజాం నవాబు వేటకు వచ్చినప్పుడు దిగిన బంగ్లా ఇప్పుడు గోడలే. నవాబు పడుకున్న గదిలో ఒక మద్దిచెట్టు లేచి, పైకప్పు లేదు కాబట్టి హాయిగా ఆకాశంలోకి పోయింది. దాని అవతల కొండ అంచు. అక్కడ నిలబడి కిందికి చూస్తే ఎక్కడా ఊరు లేదు, పొలం లేదు, కొండ వెనక కొండ, పచ్చ వెనక నీలం, ఆ వెనక పేరు లేని రంగు. ఇంత పెద్దది ఒకటి తనకు ఏడెనిమిది ఆమడల దూరంలో ఇన్నేండ్లు ఉందని స్వరూపకు ఎవరూ చెప్పలేదు. సారు బంగ్లా వైపు తిరిగి, నవాబులకు తెలుగు రాదు కదా అని "ఫిర్ ఆతుం" అన్నాడు. ఆ తర్వాత, మద్దిచెట్టుకు వచ్చేమో అని, తెలుగులో ఒకసారి.

అక్కడి నుంచి చెంచుల పెంటకు నడిచారు. పది గుడిసెలు, బొంగు తడికెలు. కాశమ్మ అనే ముసలామె గుడిసె వెనక గుంత తవ్వి అడవి గడ్డ ఒకటి పైకి లాగుతోంది. లాగి, మన్ను దులిపి, తల భాగం కోసి, ఆ తలను మళ్లీ గుంతలో పెట్టి మన్ను కప్పింది. అట్లెందుకని స్వరూప మెల్లగా అడిగింది.

"తల మల్ల పెట్టకపోతే వచ్చే ఏడు ఏం తింటం?" అన్నది కాశమ్మ. స్వరూప చేతిలో ఒక ముక్క పెట్టి, ఆమె మెడ వైపు, చేతుల వైపు ఒకసారి చూసి, ఎప్పుడు పోయిండు అని అడిగింది.

పది నెలలైందని చెప్పింది స్వరూప. పది నెలల్లో ఎవరూ అంత తిన్నగా అడగలేదు.

"నా మొగడు ఈదన్న తేనెకు పోయి బండ మీదికెల్లి పడ్డడు," అన్నది కాశమ్మ. "అప్పుడు శానమంది వచ్చిండ్రు. ఆఫీసులోళ్లు, టౌనోళ్లు. అందరు తల వంచుకొని పోయిండ్రు. గీ సారు ఒక్కడే మల్లొస్తన్నడు. పిచ్చోడనుకున్న. తొమ్మిదేండ్లాయె. ఒక్క ఏడు తప్పలే. మొదట్ల బస్సెక్కి ఒక్కడే వస్తుండె. ఇప్పుడు మిమ్ములను గూడ ఏసుకొస్తుండు." నవ్వి, గొంతు తగ్గించింది. "కోటలు, బొమ్మలు అన్నీ మీకు. ఆయన తిరిగేది వేరే."

స్వరూప గడ్డ ముక్క నోట్లో పెట్టుకోవడం మరిచింది. మానవపాడులో కాగితం పూల దండ. కొత్తకోటలో కంప్రెషర్ మీద పిల్లగాడు. ఇక్కడ ఈదన్న. కోటలు, మేడలు కాక సారు ఆగిన ప్రతి గడపా ఒక చావిల్లే. ఆ ఇండ్లన్నిటిలో ఒకప్పుడు ఈ మనిషి గడప దగ్గర వెనక్కి తిరిగి ఆ మాట అని ఉంటాడు. అన్న మాట కోసం తిరుగుతున్నాడు. దారి పొడుగునా కోటలున్నాయి కాబట్టి, పనిలో పనిగా చూపిస్తున్నాడు.

బయట సారు గుడిసె తడికెకు చెబుతున్నాడు. నాగేశ్ చదివాడు. "తడికెకు రెండు. కుక్కకు మూడు. కుక్క వినట్లేదు, మళ్లీ చెబుతున్నాడు."

*

బొమ్మల గుట్ట చివరిది. రాళ్లు పట్టుకుని ఎక్కాలి. పైన ఒక పెద్ద గుండు, పడగ విప్పినట్టు ముందుకు వంగి ఉంది. దాని కింద నీడలోకి పోగానే మొదట ఏమీ కనబడలేదు. తర్వాత మెల్లగా, పొయ్యిలో నిప్పు రాజుకున్నట్టు, రాతి మీద ఎర్రగా ఒక మూపురం తేలింది. తర్వాత కొమ్ములు. ఎద్దు. దాని వెనక జింకలు. వాటి కింద, మనిషి ఎత్తులో, అరచేతులు. ఎర్రటి అరచేతులు, వేళ్లు చాచి.

ఏం రంగని నాగేశ్ అడిగాడు. స్వరూపకు తెలుసు. జాజు. పండుగ పండుగకూ అరుగుకు పూసే జాజు, మొదటి వానకే కారిపోయేది. ఇది వేల ఏండ్లుగా కారిపోలేదు. ముట్టొద్దని సారు ముందే చెప్పాడు కాబట్టి, ముట్టకుండా, తన అరచేయిని ఒక అరచేతికి ఎదురుగా గాలిలో ఆపింది. సరిగ్గా సరిపోయింది. ఆడమనిషి చేయి. పాత్రలు తోమిన చేయి, ఎవరినో ఎత్తుకున్న చేయి. కాళ్ల కింద గుట్ట ఒకసారి ఊపిరి తీసుకున్నట్టయింది.

సారు అందరినీ దగ్గరికి పిలిచి, ఎద్దుకు కాళ్లెన్ని ఉన్నాయో చూడమన్నాడు. రాజు ప్రతి ఏడూ చూసేవాడే కాబట్టి ముందే చెప్పేశాడు. ఐదు. ఐదోది తోకేమో అన్నాడు నాగేశ్. తోక వేరే ఉంది, చూపించాడు సారు.

"ఎనిమిదో తరగతిల ఒకడు గిట్లనే గీసిండు," అన్నాడు. "ఎద్దుకు ఐదు కాళ్లేందిరా అంటే, నిలవడలే సార్, నడుస్తున్నది అన్నడు. నేను సున్నా పెట్టి గోడకు నిలవెట్టిన. పింఛనయినంక గీ గుండు కిందికి వచ్చి సూస్తే, వీళ్లు గూడ అదే గీసి పెట్టిండ్రు. పోయి ఆ పిల్లగానికి చెప్పాలనుకున్న, సున్నా నాదిరా, నీది కాదని. రేపు మాపు అనుకుంట ఆలస్యం చేసిన. నేను పోయిన దినమే వాని దినమాయె."

ఆయన స్వరూప వైపు చూడకుండానే చెప్పాడు. చూడనక్కర లేకపోయింది. ఆమె ఐదు కాళ్ల ఎద్దునే చూస్తోంది. పదహారేండ్లు కాపురం చేసింది, ఆ మనిషి ఎద్దును గీసేవాడని ఆమెకు తెలియదు.

మిగిలినవాళ్లు దిగడం మొదలుపెట్టాక స్వరూప నాలుగు రోజులుగా గొంతులో ఉన్నది బయటపెట్టింది. అత్త భయం చెప్పింది. బర్రె, మోటరు, తేలు కూడా చెప్పింది. ఆ మాట వాపస్ తీసుకోమని అడిగింది.

సారుకు కోపం రాలేదు. తీసుకుంటానన్నాడు. "పెద్దామె భయం పెద్దామెది. మీ గడప ముందర నోరు మూస్కుంట, సరేనా? కానీ బిడ్డా, చిన్నప్పుడు మా అమ్మ పోయినప్పుడు ఇంటి నిండ జనం. అందరు చెప్పకుంట పోయిండ్రు. అది ఆచారమని నాకు ఎవ్వరు చెప్పలే. ఇంక మా ఇంటికి ఎవ్వరు రారనుకున్న. శాన దినాలు తలుపు దగ్గర కూసున్న." తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "అందుకే ఎవరో ఒకరు చెప్పాలె గద. అయితే చావింట్ల ఆ మాట అంటే కొడతరు. మరేం చేయాలె? కుర్చీకి, గ్లాసుకు, ఫిరంగికి, అన్నిటికీ చెప్పుకుంట తిరిగిన. అన్నిటికీ చెప్తే, చావింట్ల చెప్పినా, పోనీ పిచ్చోడని ఊకుంటరు."

స్వరూప నేల చూసింది. తర్వాత అన్నది. "ఆయన గూడ పోయొస్తనే అన్నడు సారూ. రాలే."

ఈరన్న సారు తువ్వాలు మడిచి మళ్లీ భుజం మీద వేసుకున్నాడు.

"రాలేనోళ్లు ఉంటరు బిడ్డా," అన్నాడు. "వాళ్ల బదులు గూడ రాగలిగినోళ్లే రావాలె."

లేచి ఎర్రటి అరచేతుల వైపు తిరిగాడు. ఆయన ఏం చెబుతాడో ఆమెకు తెలుసు. కానీ ఆయన చేయి పైకెత్తి, వేళ్లు చాచి నిలబడగానే, ఎదురుగా రాతి మీద కూడా అన్ని చేతులూ అట్లాగే ఎత్తి ఉన్నాయని అప్పుడే కనబడింది. ఎవరు ఎవరికి చెబుతున్నారో తెలియలేదు. స్వరూప కూడా చేయెత్తింది.

*

ఐదో రోజు మధ్యాహ్నం వ్యాను ఇటిక్యాలలో ఆగింది. అరుగు మీద కూర్చున్న జములమ్మ, కోడలి ముఖం చూసి ఏం తేలలేదనుకుని, చెంగు బిగించుకుని లేచింది. కానీ ఎండన పడి వచ్చిన పదిమందికి నీళ్లియ్యకుండా తగువు పెట్టుకునే ఇల్లు కాదు. నీళ్లతో పాటు జొన్నరొట్టె, రొట్టెతో పాటు పచ్చిపులుసు వచ్చాయి. తింటూ సారు ఐదు కాళ్ల ఎద్దు సంగతి చెప్పాడు. ముసలామె మొదట విననట్టు కూర్చుంది. తర్వాత చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి.

"గా గోడ మీద గూడ గీసిండె," అన్నది లోపలి గోడ చూపించి. "ఐదు కాళ్ల బర్రె. నేనే జాజు పూసి చెరిపిన. తట్టెడు పేడ పెడ్తదిరా ఐదు కాళ్లుంటే, అని తిట్టిన." పది నెలల తర్వాత ఆ ఇంట్లో నవ్వు వినబడి బయట బర్రె కూడా తలెత్తింది.

సారు లేచాడు. సంచీ చంకలో పెట్టుకున్నాడు. పీట పక్కన నుంచి నడిచాడు, పీటకు చెప్పలేదు. చెంబు పక్కన నుంచి నడిచాడు, చెంబుకు చెప్పలేదు. ఫొటోకు దండం పెట్టాడు, నోరు తెరవలేదు. గడప దాటాడు. వెనక్కి తిరగలేదు. నాగేశ్ గడియారం చూస్తూ నిలబడి, చదవడానికి ఏమీ లేక, రాజు ముఖం చూశాడు. రాజు భయపడి ఇంజను ఆపేశాడు. తల వంచుకుని, చెప్పుల చప్పుడు కాకుండా, ఈరన్న సారు వాకిలి దాటుతున్నాడు. స్వరూప గుంజ పట్టుకుని అత్త వైపు చూసింది.

జములమ్మ చూసింది, చూసింది. ముఖం ఎర్రబడింది.

"ఏం సారూ," అన్నది. "చెప్పకుంట పోతవేంది? ఇదేమన్న సావు ఇల్లా?"

అంత వేగంగా ఒక మనిషి వెనక్కి తిరగడం ఇటిక్యాలలో ఎవరూ చూసి ఉండరు. మల్లొస్తనమ్మా అని ముసలామెకు, మల్లొస్త బిడ్డా అని స్వరూపకు, గడపకు, పీటకు, చెంబుకు, జాజు కింద ఉన్న ఐదు కాళ్ల బర్రెకు, కట్టేసి ఉన్న నాలుగు కాళ్ల బర్రెకు, కట్టెల్లో తేలు ఉందన్నారు కదా, ఎందుకైనా మంచిదని దానికి. నలభై రెండు నిమిషాలు, రాజు లెక్కలో. చదవడానికి నాగేశ్ చేతికి గడియారం లేదు. విప్పి జేబులో పెట్టుకుని, ఆయన కూడా బర్రె దగ్గర నిలబడి ఏదో అంటున్నాడు.

వ్యాను మలుపు తిరిగాక జములమ్మ అరుగు మీద కూలబడి, అసలు పని గుర్తుకొచ్చి అడిగింది. "అయితే మాట వాపస్ తీస్కున్నడా?"

"తీస్కున్నడు అత్తమ్మా," అన్నది స్వరూప. "నువ్వే మల్ల ఇచ్చినవు."

ముసలామె దారి వైపు చూసింది. దుమ్ము ఇంకా తేలుతోంది.

"సరే, వస్తే రానీ," అన్నది. "వచ్చే ఏడు రొట్టె జర మెత్తగ చెయ్. ఆయనకు ఒక పన్ను లేదు."